పికప్ బండి స్టీరింగ్ బరువెక్కిందా? పంపు మార్చే ముందు ఈ వరుసలో చూడండి

"స్టీరింగ్ పట్టేస్తోంది. పవర్ స్టీరింగ్ పంపు పోయిందంటున్నారు. కొత్తది వేయించేయమంటారా?" పికప్ నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. నా జవాబు ఒక్కటే: ఇప్పుడే వద్దు. పంపు అన్నిటికన్నా ఆఖరున అనుమానించాల్సిన భాగం. టైర్లో గాలి తగ్గినా, బెల్టు జారినా, గొట్టం క్లిప్పు వదులైనా, కింగ్ పిన్‌లో (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఇరుసులా ఉండే పిన్ను) గ్రీజు ఎండినా స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇవేవీ చూడకుండా పంపు మారిస్తే డబ్బు పోతుంది, సమస్య అలాగే ఉంటుంది.

అందుకే ఈ మార్గదర్శిని ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి, ఖర్చున్న పనుల వైపు తీసుకెళ్తున్నాను. వరుస తప్పించకండి. ముందు మెట్టు తేలకుండా తర్వాతి మెట్టుకు వెళ్తే వచ్చిన ఫలితాన్ని నమ్మలేం.

## 1. మీ బండిలో ఏ రకం పవర్ స్టీరింగ్ ఉందో తెలుసుకోండి

బానెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ బెల్టుతో తిరిగే చిన్న పంపు, దానికి ఆయిల్ డబ్బా, అక్కడి నుంచి స్టీరింగ్ బాక్సుకు (మీ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె) వెళ్లే గొట్టాలు కనిపిస్తే అది హైడ్రాలిక్ రకం. బొలెరో పికప్, టాటా యోధ, ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి బండ్లలో ఉండేది ఇదే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఆయిల్ డబ్బా, పంపు లేకుండా స్టీరింగ్ దగ్గర మోటారు మాత్రమే ఉంటే అది ఎలక్ట్రిక్ రకం. టాటా ఇంట్రా ఇలాంటిదే. మీది ఆ రకమైతే 13వ భాగానికి వెళ్లండి.

హైడ్రాలిక్ రకం పనితీరు తేలిక. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి తోస్తుంది. మీరు తిప్పిన వైపుకు బాక్సులోని వాల్వు ఆ ఒత్తిడిని మళ్లిస్తుంది. పని అయ్యాక ఆయిల్ రిటర్న్ గొట్టంలోంచి డబ్బాలోకి తిరిగొస్తుంది. పంపు ఆగిపోయినా చక్రాలకూ స్టీరింగ్‌కూ మధ్య ఇనుప లింకు ఉంటుంది కాబట్టి బండి మీ అదుపులోనే ఉంటుంది. బరువు మాత్రం చాలా పెరుగుతుంది.

## 2. పని మొదలుపెట్టే ముందు

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- రెండు గట్టి జాక్ స్టాండ్లు, జాకీ, వెనక చక్రాలకు అడ్డం పెట్టడానికి చెక్కదిమ్మలు
- స్పానర్ సెట్టు, స్క్రూడ్రైవర్, ప్లయర్
- తెల్లటి గుడ్డ, టార్చిలైటు, పాత అట్టముక్క
- టైరు గాలి గేజి
- మీ బండికి చెప్పిన ఆయిల్ రెండు లీటర్లు
- ఖాళీ నీళ్ల బాటిల్, వేలంత లావు పారదర్శక గొట్టం ఒక మీటరు
- స్టీరింగ్ తిప్పడానికి మరో మనిషి

లోడు దించేయండి. చదునైన గట్టి నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. జాకీ మీదే నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరకూడదు. స్టాండ్లు లేకపోతే జాకీ ఎత్తే పరీక్షను షెడ్డులో చేయించుకోండి. ఈ విషయంలో సర్దుబాటు లేదు.

ఇంకో జాగ్రత్త. ఇంజిన్ నడుస్తుండగా ప్రెషర్ గొట్టాన్ని, అంటే పంపు నుంచి బాక్సుకు వెళ్లేదాన్ని, చేత్తో తడమకండి. ఫుల్ కట్‌లో, అంటే స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పినప్పుడు, అందులో ఒత్తిడి 70 బార్ దాటుతుంది, అంటే వెయ్యి పీఎస్ఐ పైమాటే. మామూలు కారు టైర్లో ఉండేది 30 పీఎస్ఐ చుట్టుపక్కల. ఆ ఒత్తిడితో సన్నని పగులులోంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లగలదు. పైకి చిన్న చుక్కలాంటి గాయమే కనిపించినా, అలా జరిగితే గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. లీకు కోసం అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

## 3. లక్షణాన్ని సరిగ్గా పట్టుకోండి

"స్టీరింగ్ బాగాలేదు" అని చెబితే ఏ మెకానిక్‌కైనా ఏమీ అర్థం కాదు. ఏ వేగంలో, ఏ వైపు, వేడెక్కాకా లేక పొద్దున్నే స్టార్ట్ చేయగానేనా అన్నది ఒక రోజు గమనించి కాగితం మీద రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

- రెండు వైపులా ఎప్పుడూ బరువు: టైరు గాలి, ఆయిల్, బెల్టు, గ్రీజు లేని జాయింట్లు. ఇవన్నీ సరిగా ఉంటేనే పంపు.
- ఐడ్లింగ్‌లో (ఆక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) బరువు, రేస్ ఇస్తే తేలిక: బెల్టు జారడం, లేదా పంపు అరుగుదల.
- ఒక వైపే బరువు: ముందు టైర్లలో గాలి తేడా, లేకపోతే స్టీరింగ్ బాక్సులోపలి లీకు. ఇక్కడ పంపును అనుమానించే పనే లేదు. అది రెండు వైపులకూ ఒకే ఆయిల్ ఇస్తుంది.
- తిప్పుతుంటే ఒకచోట బిగువు, ఒకచోట వదులు: స్టీరింగ్ షాఫ్టులోని యూనివర్సల్ జాయింటు తుప్పు పట్టింది.
- ఫుల్ కట్‌లో కీచుమనే శబ్దం: బెల్టు.
- తిప్పినప్పుడల్లా గుయ్యిమనే మూలుగు: ఆయిల్ తక్కువ, లేదా ఆయిల్‌లో గాలి.
- మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోవడం: కింగ్ పిన్, బాల్ జాయింట్ బిగుసుకోవడం, బాక్సు అడ్జస్ట్‌మెంట్ అతిగా బిగించడం, చక్రాల అలైన్‌మెంట్ తప్పడం.
- చేతిలో ఆట ఎక్కువగా ఉండడం, అంటే స్టీరింగ్ కొంత తిప్పినా చక్రాలు కదలకపోవడం: టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్లు, డ్రాగ్ లింకు (బాక్సు చెయ్యిని చక్రాలకు కలిపే కడ్డీ), ఆ తర్వాతే బాక్సు.

ఫుల్ కట్ చివర కాసేపు హిస్సుమనే శబ్దం రావడం మామూలే. ఒత్తిడి పెరిగి, హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. దానికి టెన్షన్ పడకండి. కానీ ఫుల్ కట్‌లో 5 సెకన్లకు మించి పట్టుకోకండి. ఆయిల్ క్షణాల్లో కాగిపోతుంది, పంపు సీళ్లు గట్టిపడతాయి.

## 4. టైర్లు, లోడు

ఇది చాలామంది దాటేసే మెట్టు. ముందు టైర్ల గాలిని చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక, గేజితో చూడండి. డ్రైవర్ వైపు తలుపు దగ్గరి స్టిక్కర్‌లో లేదా మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం నింపండి. బూటుకాలితో తన్ని చూస్తే తెలియదు.

కంపెనీ చెప్పిన సైజు కన్నా వెడల్పు టైర్లు వేయించి ఉంటే స్టీరింగ్ బరువు పెరగడం ఖాయం. దానికి వేరే మందు లేదు.

లోడు పెట్టే పద్ధతి కూడా చూడండి. బరువంతా క్యాబిన్ వెనకే పేర్చితే ముందు యాక్సిల్ మీద భారం పెరిగి స్టీరింగ్ బరువెక్కుతుంది. వెనక యాక్సిల్ దాటి వెనక్కి పేర్చితే ముందు భాగం తేలి స్టీరింగ్ మరీ తేలికవుతుంది. హైవే మీద ఇది మొదటిదానికన్నా ప్రమాదం. మదనపల్లె మార్కెట్టులో టమాటా క్రేట్లో, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలో ఎత్తేటప్పుడు ఒక్క నిమిషం నిలబడి, బరువు యాక్సిళ్ల మధ్య పడేలా పేర్పించండి.

యార్డుల్లో ఇంకో అలవాటు కనిపిస్తుంది. నిండు లోడుతో బండి కదలకుండానే స్టీరింగ్ అటూ ఇటూ కోసేస్తారు. నిలిచిన టైరును నేల మీద రుద్ది తిప్పడానికి పంపు తన పూర్తి ఒత్తిడి పెట్టాలి. బండి అంగుళం అంగుళం కదులుతుండగా తిప్పడం అలవాటు చేసుకుంటే పంపు, గొట్టాలు, టై రాడ్లు అన్నీ ఎక్కువ కాలం వస్తాయి.

## 5. ఆయిల్ చూడడం

ఇంజిన్ ఆపి, చల్లారాక డబ్బా మూత చుట్టూ దుమ్ము తుడిచి, తర్వాతే తెరవండి. ఇసుక రేణువు లోపలికి పడితే పంపులోని రెక్కలను గీకేస్తుంది. డబ్బా మీద చల్లని, వేడి స్థాయిలకు వేర్వేరు గీతలుంటాయి, లేకపోతే మూత కింద పుల్ల ఉంటుంది.

ఒక చుక్క తెల్ల గుడ్డ మీద వేయండి.

- స్వచ్ఛమైన ఎరుపు: బాగుంది.
- గోధుమ రంగు: మార్చే సమయం వచ్చింది.
- నలుపు, మాడు వాసన: వేడెక్కి పాడైంది, రబ్బరు కూడా కరుగుతూ ఉండొచ్చు.
- గులాబీ రంగు నురగ: గాలి చేరింది. 9వ భాగం చూడండి.
- మిలమిల మెరిసే పొడి: లోపల లోహం అరుగుతోంది. పంపు గురించి ఆలోచించాల్సిన మొదటి నిజమైన సూచన ఇదే.

హైడ్రాలిక్ పికప్‌లలో చాలావాటికి ఎరుపు రంగు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే) ఆయిల్ వాడతారు. కానీ ఊహతో పోయకండి. మూత మీద లేదా మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉందో అదే కొనండి. కొన్ని బండ్లకు సింథటిక్ ఆయిలే కావాలి, దానితో ఏటీఎఫ్ కలపకూడదు.

ఎట్టి పరిస్థితిలోనూ బ్రేక్ ఆయిల్ పోయకండి. ఏటీఎఫ్ కోసం చేసిన రబ్బరు సీళ్లు బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతాయి. పొరపాటున పోసి ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మొత్తం తీయించండి. ఇంజిన్ ఆయిల్ కూడా దీనికి బదులు కాదు.

ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతోందనే అర్థం. ఇది ఖర్చయ్యే సరుకు కాదు. నింపి వదిలేయకుండా 8వ భాగం ప్రకారం లీకు వెతకండి.

## 6. బెల్టు

ఇంజిన్ ఆపి, తాళం జేబులో పెట్టుకుని చూడండి. పక్కలు మెరుస్తూ నున్నగా ఉన్నా, పగుళ్లున్నా, అంచులు పీచులుగా లేచినా మార్చాలి. ఆయిల్ తడిసిన బెల్టును కడిగి వాడకండి.

పాతరకం వీ-బెల్టు అయితే రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కండి. సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాలి. కచ్చితమైన కొలత మాన్యువల్‌లో ఉంటుంది. వెడల్పాటి చారల బెల్టుకు తనంతట బిగించుకునే టెన్షనర్ ఉంటే దాని చెయ్యి స్వేచ్ఛగా ఆడుతోందో, పుల్లీ బేరింగ్ శబ్దం చేస్తోందో చూడండి.

చారల బెల్టు కీచుమంటుంటే ఒక తేలిక పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి, దూరం నుంచి స్ప్రే బాటిల్‌తో చారల వైపు కాస్త నీళ్లు చల్లండి. శబ్దం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవు. శబ్దం పెరిగితే బిగువు చాలడం లేదు. వదులు చొక్కా, తువ్వాలు, చున్నీ ఆ చుట్టుపక్కలకు రాకూడదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- శబ్దం ఆగడానికి సబ్బు, గ్రీజు రాయడం. ఒక్కరోజు ఆగుతుంది, తర్వాత బెల్టు ఇంకా ఎక్కువ జారుతుంది.
- అతిగా బిగించడం. పంపు బేరింగు, షాఫ్టు సీలు పోతాయి.
- పంపు ఒంటికే రాడ్డు ఆనించి లాగడం. బ్రాకెట్ దగ్గర ఆనించాలి.
- కొత్త బెల్టు వేసి మర్చిపోవడం. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో అది కాస్త సాగుతుంది. మళ్లీ చూసుకోవాలి.

## 7. జాకీ పరీక్ష: తప్పు ఇనుముదా, ఆయిల్‌దా?

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. అనవసరంగా పంపు కొనకుండా మిమ్మల్ని కాపాడేది ఇదే.

మొదటి మెట్టు. వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు భాగం ఎత్తి, చాసిస్ కింద రెండు స్టాండ్లు పెట్టండి. రెండు ముందు చక్రాలూ నేలకు తగలకూడదు. ఇంజిన్ ఆఫ్. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం ఒక మెట్టు తిప్పి ఉంచండి.

రెండో మెట్టు. స్టీరింగ్‌ను నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. లోపలి ఆయిల్ వల్ల కొంచెం అడ్డు ఉంటుంది, అది సహజం. కానీ సాఫీగా, రెండు వైపులా ఒకేలా తిరగాలి. సాఫీగా తిరిగితే లింకులు, జాయింట్లు బాగున్నట్టే. అప్పుడు సమస్య ఆయిల్ వైపు ఉంది, అంటే బెల్టు, ఆయిల్‌లో చేరిన గాలి, గొట్టాలు, పంపు, బాక్సు.

మూడో మెట్టు. చక్రాలు గాల్లో ఉన్నా బిగుసుకుని తిరుగుతుంటే తప్పు ఇనుము వైపు ఉంది. ఇప్పుడు పంపును ఎంత మార్చినా ఫలితం ఉండదు. స్టీరింగ్ బాక్సు చెయ్యి నుంచి డ్రాగ్ లింకును విడదీయించండి. ఇది మెకానిక్ పని, సుత్తితో జాయింటు మీద కొట్టనివ్వకండి, పుల్లర్ వాడాలి.

- విడదీశాక చక్రాలను చేత్తో తిప్పితే బిగువుగా ఉంటే: కింగ్ పిన్లు లేదా బాల్ జాయింట్లు.
- చక్రాలు తేలికగా తిరిగి, స్టీరింగ్ ఒక్కటే బిగువుగా ఉంటే: షాఫ్టు యూనివర్సల్ జాయింటు లేదా స్టీరింగ్ బాక్సు.

ముందు కమాన్ పట్టీలు, రిజిడ్ యాక్సిల్ ఉన్న బండ్లలో కింగ్ పిన్లుంటాయి. వాటికి గ్రీజు నిపుళ్లుంటాయి. చక్రం గాల్లో ఉండగా గ్రీజు గన్‌తో పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా కొట్టాలి. చక్రం నేల మీద ఉండగా కొడితే బరువు పడే వైపు గ్రీజు సరిగా చేరదు. నిపులు మూసుకుపోయి గ్రీజు ఎక్కకపోతే నిపులు మార్చండి, అది చాలా చిన్న ఖర్చు. గ్రీజు ఎక్కినా బిగువు తగ్గకపోతే పిన్ను, బుష్షు మార్చక తప్పదు.

యూనివర్సల్ జాయింటు బానెట్ కింద, వేడిలో, నీళ్లు పడే చోట ఉంటుంది. ప్రెషర్ వాష్ తర్వాత బిగుసుకుందంటే ముందు దీన్నే చూడండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, అటూ ఇటూ తిప్పితే తాత్కాలికంగా వదులవుతుంది. శాశ్వతంగా మార్చడమే మేలు.

## 8. లీకులు వెతకడం

ముందు గొట్టాలు, పంపు, బాక్సు అన్నీ డీజిల్ లేదా డీగ్రీజర్‌తో తుడిచి ఆరనివ్వండి. మురికి మీద లీకు వెతకలేం. ఆరాక అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు చల్లి, కింద పాత పేపరు పరచి, ఇంజిన్ పది నిమిషాలు నడిపి, మరో మనిషి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పాలి. ఇంజిన్ ఆపి చూడండి. తడి మొదలైన చోటే లీకు. ఆయిల్ కిందికి, వెనక్కి పాకుతుంది కాబట్టి చుక్క పడిన చోటును నమ్మకండి, తడి ఉన్న అన్నిటికన్నా పై చోటును వెతకండి.

వరుసగా చూడాల్సిన చోట్లు:

- డబ్బా పగుళ్లు, దాని కింది గొట్టం క్లిప్పు
- పంపు పుల్లీ వెనకున్న షాఫ్టు సీలు
- ప్రెషర్ గొట్టం రెండు చివర్ల క్రింపింగ్ (లోహపు చివర్లను గొట్టానికి నొక్కి బిగించిన చోటు)
- ఆ గొట్టం బోల్టు దగ్గరి రాగి వాషర్లు లేదా ఓ-రింగు
- స్టీరింగ్ బాక్సు పైన షాఫ్టు దిగే చోటు
- బాక్సు అడుగున చెయ్యి బయటికి వచ్చే చోటు
- రిటర్న్ గొట్టం, ఆయిల్ చల్లబరిచే లోహపు గొట్టం

ప్రెషర్ గొట్టానికి క్లిప్పు బిగించి, ఎం-సీల్ పూసి నడపాలనుకోకండి. అది నిలవదు, ఘాట్‌లో పగిలితే ప్రమాదం. కంపెనీ గొట్టం దొరక్కపోతే ట్రాక్టర్లకు, జేసీబీలకు హైడ్రాలిక్ గొట్టాలు క్రింపింగ్ చేసే దుకాణాలు పట్టణాల్లో ఉంటాయి. పాత గొట్టాన్ని తీసుకెళ్లి అదే పొడవు, అవే చివర్లు, సరిపడా ఒత్తిడి తట్టుకునే రకంతో చేయించవచ్చు. బిగించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవే వేయండి.

రిటర్న్, సక్షన్ గొట్టాలకు ఆయిల్ తట్టుకునే రబ్బరే వాడాలి. రేడియేటర్ గొట్టం ముక్క వేస్తే కొద్ది రోజుల్లో మెత్తబడి ఉబ్బిపోతుంది.

## 9. ఆయిల్ మార్చి, గాలి తీయడం

బయట చుక్క కూడా కారకుండా ఆయిల్ నురగ కడుతోందంటే అనుమానించాల్సింది డబ్బా నుంచి పంపుకు వెళ్లే సక్షన్ గొట్టాన్ని. అక్కడ ఒత్తిడి ఉండదు, పంపు పీల్చుకుంటుంది. క్లిప్పు వదులైతే ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఈ ఒక్క విషయం తెలియక ఎన్నో మంచి పంపులు తుక్కు కింద పోతున్నాయి. గాలి తీసే ముందు ఆ గొట్టం, రెండు క్లిప్పులు కొత్తవి వేయండి.

ఆయిల్ మార్చే క్రమం:

1. ముందు చక్రాలు గాల్లో ఉంచండి. ఇంజిన్ ఆఫ్.
2. డబ్బా దగ్గర రిటర్న్ గొట్టం విప్పి, పారదర్శక గొట్టం తగిలించి, దాని కొస బాటిల్లో పెట్టండి. డబ్బాలో ఆ రంధ్రానికి రబ్బరు మూత బిగించండి.
3. డబ్బాలో కొత్త ఆయిల్ పోయండి.
4. రెండో మనిషి స్టీరింగ్‌ను నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలి. పాత ఆయిల్ బాటిల్లోకి వస్తుంది. డబ్బా ఖాళీ అవ్వకుండా మీరు పోస్తూనే ఉండాలి.
5. బాటిల్లోకి వచ్చే ఆయిల్ కొత్తదానిలా ఎర్రగా కనిపించాక ఆపి, రిటర్న్ గొట్టం తిరిగి బిగించండి.

డబ్బా అడుగున జల్లెడ ఉంటుంది. అందులో నల్లటి మడ్డి పేరుకుంటే డబ్బానే మార్చండి. మూసుకుపోయిన జల్లెడ కూడా పంపు మూలుగుకు కారణమే.

గాలి తీసే క్రమం:

1. ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే, మూత తీసి, స్టీరింగ్‌ను చివరి నుంచి చివరికి 15 నుంచి 20 సార్లు నెమ్మదిగా తిప్పండి. బుడగలు పైకి వస్తాయి, ఆయిల్ తగ్గుతుంది, పోస్తూ ఉండండి.
2. బుడగలు ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లోనే ఉంచండి. మళ్లీ నెమ్మదిగా తిప్పండి. చివర్లో పట్టి ఉంచకండి.
3. నురగ కనిపిస్తే ఇంజిన్ ఆపి, పది నిమిషాలు వదిలేసి మళ్లీ మొదటి నుంచి చేయండి.
4. చక్రాలు దించి, స్థాయి సరిచూసి మూత పెట్టండి.

తొందరపడి స్టార్ట్ చేసి రేస్ ఇస్తే గాలి సన్నని బుడగలుగా ఆయిల్‌లో కలిసిపోతుంది. దాన్ని తీయడానికి గంటలు పడుతుంది. ఓపికగా ఇంజిన్ ఆపి తిప్పడమే దగ్గరి దారి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలోనో, పొలం గట్టునో పారబోయకండి. వేస్ట్ ఆయిల్ పోగుచేసే షెడ్డుకు ఇవ్వండి.

ఎప్పుడు మార్చాలన్నది మాన్యువల్ ప్రకారమే. రోజూ లోడు మోసే బండికి మాత్రం 40,000 కిలోమీటర్ల దగ్గర ఒకసారి మార్చమని నా సలహా.

## 10. స్టీరింగ్‌లో ఆట

బండి నేల మీద ఉండగా, ఇంజిన్ ఐడ్లింగ్‌లో, ఒకరు స్టీరింగ్‌ను చిన్నగా అటూ ఇటూ కదుపుతుంటే మీరు పక్క నుంచి చూడండి. ఒక రాడ్డు కదిలి, దాని పక్క భాగం ఆలస్యంగా కదిలితే ఆ జాయింటు అరిగినట్టు. హ్యాండ్ బ్రేక్, దిమ్మలు తప్పనిసరి.

తర్వాత చక్రం గాల్లో పెట్టి, గడియారంలో 3, 9 అంకెలుండే చోట్ల పట్టుకుని ఊపండి. ఆట ఉంటే టై రాడ్ ఎండ్లు. 12, 6 చోట్ల పట్టుకుని ఊపితే ఆట ఉంటే వీల్ బేరింగు, బాల్ జాయింటు లేదా కింగ్ పిన్.

ఇవన్నీ బాగున్నాయని తేలాకే స్టీరింగ్ బాక్సు అడ్జస్టింగ్ స్క్రూ జోలికి వెళ్లాలి. చాలా షెడ్లలో మొదట ఆ స్క్రూనే బిగిస్తారు. ఆట తగ్గినట్టే ఉంటుంది, కానీ స్టీరింగ్ తిన్నగా ఉండే మధ్య స్థానంలో బాక్సు బిగుసుకుని మలుపు తర్వాత స్టీరింగ్ వెనక్కి రాదు, గేర్లు తొందరగా అరుగుతాయి. స్క్రూ బిగిస్తానంటే "ముందు టై రాడ్లు చూపించండి" అని అడగండి.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది దీని గురించే చెబుతుంది. స్టీరింగ్ చక్రం మీద ఆట 30 డిగ్రీలు దాటకూడదు, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులు ఊడకుండా లాక్ అయి ఉండాలి. ఫిట్‌నెస్ తనిఖీకి వెళ్లే ముందు తొడుగులు చిరిగాయేమో చూసుకోండి. నిజానికి 30 డిగ్రీలు చాలా ఎక్కువ. ఆ దాకా రానివ్వకండి.

## 11. పంపా, బాక్సా? గేజితో తేల్చండి

పై మెట్లన్నీ అయ్యాక కూడా రెండు వైపులా బరువుగా ఉంటే, పంపు మార్చమనే ముందు ప్రెషర్ గేజి పెట్టమని అడగండి. పంపుకూ బాక్సుకూ మధ్య వాల్వు ఉన్న గేజి బిగిస్తారు.

- వాల్వు మూసినప్పుడు మాన్యువల్ చెప్పిన ఒత్తిడి రాకపోతే: పంపు, లేదా దాని రిలీఫ్ వాల్వు.
- వాల్వు మూస్తే ఒత్తిడి బాగా వచ్చి, వాల్వు తెరిచి ఫుల్ కట్ చేస్తే తగ్గితే: పంపు బాగుంది, బాక్సు లోపల సీళ్లు పోయాయి.

వాల్వును 5 సెకన్లకు మించి మూసి ఉంచకూడదు. గేజి లేదంటే గేజి ఉన్న షెడ్డుకు వెళ్లండి. రెండు నిమిషాల పరీక్ష ఇది.

## 12. పంపు మార్చక తప్పకపోతే

షాఫ్టు సీలు మాత్రమే కారుతూ, ఒత్తిడి, శబ్దం బాగుంటే సీల్ కిట్టుతో సరిపోతుంది. లోపల గీతలు పడితే పంపే మార్చాలి.

మార్చేటప్పుడు మీరు దగ్గరుండి చూసుకోవాల్సినవి:

- పాత ఆయిల్ మొత్తం తీసి, గొట్టాలు, బాక్సు కడిగాకే కొత్త పంపు. పాత పంపు వదిలిన లోహపు పొడి లోపలే ఉంటే కొత్తదాన్నీ తినేస్తుంది.
- డబ్బా లేదా జల్లెడ కూడా కొత్తది.
- పుల్లీని పుల్లర్‌తోనే తీయాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బేరింగు మొదటిరోజే దెబ్బతింటుంది.
- స్టార్ట్ చేసే ముందు డబ్బా నింపి, పుల్లీని చేత్తో కొన్ని చుట్లు తిప్పాలి. పొడి పంపును తిప్పకూడదు.
- 9వ భాగంలో చెప్పిన పద్ధతిలో గాలి తీయాలి.

## 13. ఎలక్ట్రిక్ స్టీరింగ్ అయితే

డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ లైటు వెలిగితే ముందు బ్యాటరీ చూడండి. ఆగి ఉన్న బండిలో 12.5 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. టెర్మినళ్లు, ఎర్త్ వైరు, ఫ్యూజు చూడండి. ఇవి బాగుంటే స్కానర్‌తో కోడ్ చదివించాలి. మోటారును విప్పి చూడడం, కనెక్టర్ల మీద నీళ్లు కొట్టడం వద్దు. టైర్లు, జాయింట్ల పరీక్షలు మాత్రం దీనికీ వర్తిస్తాయి.

## 14. దారిలో ఆగిపోతే

నడుస్తుండగా స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కితే కంగారుపడకండి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గిస్తూ పక్కకు తీయండి. ఆగేదాకా ఇంజిన్ ఆపకండి.

బెల్టు తెగి ఉంటే, అదే బెల్టు వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పుతోందేమో చూడండి. తిప్పుతుంటే నడపకూడదు, ఇంజిన్ కాగిపోతుంది. కొన్ని డీజిల్ బండ్లలో బ్రేకుల వాక్యూమ్ పంపు కూడా ఆల్టర్నేటర్ మీదే ఉంటుంది, అంటే బ్రేకూ బరువెక్కుతుంది.

ఆయిల్ మొత్తం కారిపోతే, స్టీరింగ్ పంపుకు విడి బెల్టు ఉన్న బండిలో ఆ బెల్టు తీసేసి, లోడు దించి, నెమ్మదిగా దగ్గరి షెడ్డు దాకా వెళ్లవచ్చు. పంపును పొడిగా తిప్పుతూ వెళ్తే అదీ పోతుంది.

ఇక డీజిల్ ఆదా అని శ్రీశైలం ఘాట్ లాంటి దారుల్లో ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో దిగేవాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను, అలా చేయకండి. స్టీరింగ్ సాయం, బ్రేక్ సాయం, ఇంజిన్ బ్రేకింగ్ మూడూ ఒకేసారి పోతాయి. తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగే లాక్ అయ్యే ప్రమాదం ఉంది.

## 15. పని అయ్యాక సరిచూసుకోవాల్సినవి

- ఐడ్లింగ్‌లో, ఖాళీ బండితో రెండు వైపులా ఒకే బరువుతో తిరుగుతోందా?
- మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట వెనక్కి వస్తోందా?
- తిన్నని రోడ్డు మీద ఒక పక్కకు లాగుతోందా? టై రాడ్ విప్పి ఉంటే అలైన్‌మెంట్ తప్పనిసరి.
- విప్పిన జాయింటు నట్లకు, అవి ఊడకుండా అడ్డం వేసే కాటర్ పిన్ వేశారా? మీ కళ్లతో చూడండి.
- పది కిలోమీటర్లు నడిపాక ఆయిల్ స్థాయి, నురగ చూశారా?
- లోడుతో ఒకసారి నడిపి చూశారా?

ఆ రాత్రి బండి నిలిపే చోట ముందు యాక్సిల్ కింద అట్టముక్క పరచండి. పొద్దున దాని మీద ఎర్ర చుక్క కనిపిస్తే, బండి తీయకముందే 8వ భాగం వరుసలో మళ్లీ వెతకండి.